మా అత్తమ్మ మోకాళ్ల వాతావరణం

పొద్దున లేవగానే నా భర్త తన తల్లిని అడిగే మొదటి మాట, "అవ్వా, మోకాళ్లెట్లున్నయే?" అని. అడిగేటప్పుడు ఆమె వైపు చూడడు. తెరిచిన తలుపులోంచి మొగులు వైపు, పైన ఆకాశంలోకి చూస్తాడు. పక్కింటామె గోడ అవతలి నుంచి ఆ మాట వింటుంది కానీ చూపు ఎటుందో చూడదు కదా, "ఎంత మంచి కొడుకు. గిసొంటి కొడుకు అందరికి దొరుకుతడా" అని నాతో చాలాసార్లు అంది. ఆయన అడుగుతున్నది మోకాళ్ల గురించి కాదు, వాన గురించి అని ఒకసారి చెప్పాను. ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. కోడలు కదా, ఏదో ఒకటి అంటుందిలే అనుకున్నట్టుంది. అప్పటినుంచి చెప్పడం మానుకున్నాను.

మాది నారాయణఖేడ్. ముందు గదిలో నా కుట్టు మిషన్, దాని పక్కన అత్తమ్మ మంచం. నేను జాకెట్లు కుడతాను. నా భర్తకు మార్కెట్ దారిలో బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. కూతురు ఇక్కడే డిగ్రీ చదువుతోంది. అత్తమ్మ పుట్టిల్లు నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక సరిహద్దు మీద. ఆమె మాటల్లో కన్నడం దొర్లుతూ ఉంటుంది. వాన అనదు, మళి అంటుంది. ఇంతే మా కుటుంబం. ఈ నలుగురిలో ముగ్గురికి ఆకాశం పిచ్చి. నాలుగో మనిషిని నేను. వంట కూడా నేనే చేస్తాను.

వాన మాట ఎత్తని ఇల్లు మా దిక్కున ఉండదు. ఇది మెట్ట నేల. కందులైనా, జొన్నలైనా, పెసర్లైనా మబ్బు దయ మీద బతకాల్సిందే. కల్హేర్ అంగట్లో కూరగాయలు అమ్మే మనిషి కూడా ముందు పైకి చూసి, ఆ తర్వాతే బేరం మొదలుపెడుతుంది. కానీ వాళ్లకు అది బతుకు. మా వాళ్లకు అది ఆట. మాకు గుంటెడు భూమి లేదు. పైగా వానలు బాగా పడితే మా ఆయనకు గిరాకీ తగ్గుతుంది. ఎండలు ముదిరి, బోర్లు ఎండి, మోటార్లు కాలితేనే ఆ దుకాణం నిండుతుంది. అయినా నాలుగు చినుకులు పడితే ఆ మనిషి ముఖం వెలిగిపోతుంది. ఇది ఏ లెక్కలోకి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అంతా నా తొక్కు డబ్బాతో మొదలైంది. మామిడికాయ తొక్కు పెట్టుకుందామని కొనుక్కున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా అది. పక్కలు నిటారుగా, మూత బిగుతుగా, చూడముచ్చటగా ఉండేది. ఒక ఎండాకాలం చివర కనబడకుండా పోయింది. ఇల్లంతా వెతికి వెతికి, బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కితే అక్కడుంది. చుట్టూ ఇటుకలు పేర్చి, నడుమ నా డబ్బాను నిలబెట్టారు. మూత లేదు.

"ఏందిది?" అని అడిగాను.

"వాన కొలుస్తం," అన్నాడు నా భర్త.

"దేనితోని?"

నేను జాకెట్ల గుడ్డ మీద గీతలు గీసుకునే స్టీలు స్కేలు జేబులోంచి తీసి చూపించాడు. ఆ ఏడాది తొక్కు చిన్న చిన్న సీసాల్లో పెట్టుకున్నాం. స్కేలు మాత్రం నాకు కావలసినప్పుడల్లా మిద్దె మీదే ఉండేది.

తర్వాత కూతురు చేరింది. కాకి పిల్లకు కాకి బుద్ధులు రాకుండా ఎక్కడికి పోతాయి. మెట్ల మీద నిలబడి ఫోన్‌తో మబ్బుల ఫొటోలు తీసేది. గాలి ఎటునుంచి వస్తోందో తెలియడానికి నా దగ్గర మిగిలిన లైనింగ్ గుడ్డ పేలిక ఒకటి కర్రకు కట్టి మిద్దె మీద నిలబెట్టింది. గోడ మీది క్యాలెండర్లో ప్రతి తారీఖు గడిలోనూ తండ్రి ఎర్ర పెన్నుతో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో రాసేవాడు, కూతురు మూలకు మబ్బు బొమ్మ గీసేది. సిలిండర్ ఎప్పుడు మార్చానో రాసుకోవడానికి నాకు గడి మిగిలేది కాదు.

సాయంత్రం దుకాణం మూసి ఆయన రాగానే చాయ్ గ్లాసులతో అత్తమ్మ మంచం చుట్టూ సభ. గాలి తిరిగిందని ఒకరు, తిరగలేదని ఒకరు. ఫోన్లో ఇట్లా ఉందని ఒకరు, ఫోన్‌కేం తెలుసు ఖేడ్ సంగతి అని ఒకరు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని పెద్దలు ఊకెనే అన్నరా?" అని నేను మిషన్ తొక్కుతూ అనేదాన్ని. "గందుకే గద చూసుడు. ఎరుకైతే ఇగ చూసుడెందుకు?" అనేవాడు ఆయన. వాళ్లు చెప్పినవాటిలో సగం తప్పేవి. తప్పినప్పుడు మనిషన్నవాడు కొంచెం సిగ్గుపడాలి. వాళ్లు పడేవాళ్లు కాదు. ఎందుకు తప్పిందో మాట్లాడుకోవడం వాళ్లకు ఇంకా ఇష్టం. అలా ఇంకో రెండు సాయంత్రాలు గడిచిపోయేవి, ఇంకో రెండు విడతల చాయ్ నేను పెట్టేదాన్ని.

అత్తమ్మ మొదట ఈ సభలో లేదు. మంచం ఆమెదే కానీ మాట ఆమెది కాదు. మామయ్య పోయాక, మోకాళ్లు అరిగి నడక తగ్గాక, పొద్దంతా నా మిషన్ చప్పుడు వింటూ కూర్చునేది. కార్తెల పేర్లు, వాటి సామెతలు ఆమెకు నోటికి వచ్చు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మధ్యలో అంటే తండ్రీ కూతుళ్లు ఊఁ కొట్టి మళ్లీ తమ గాలి దగ్గరికి పోయేవాళ్లు. ఒకరోజు ఇద్దరూ ఇంకో వారం దాకా వాన లేదని తేల్చేశారు. అత్తమ్మ మోకాళ్లు రుద్దుకుంటూ, "మళి బర్తద," అంది. వాన వస్తుందని.

ఇద్దరూ నవ్వారు. "ఎట్ల చెప్తవే?" అని కొడుకు అడిగాడు.

"మోకాళ్లు గుంజుతున్నయి రా."

మర్నాడు తెల్లారేసరికి నాగల్‌గిద్ద దిక్కు నుంచి మబ్బు లేచి గల్లీలో నీళ్లు పారేంత వాన కొట్టింది. మిద్దె మీద డబ్బా కొలిచి వచ్చి నా భర్త తల్లి మోకాళ్ల వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు. దుకాణానికి కొత్త మీటరు కొన్నప్పుడు అచ్చం అలాగే చూశాడు. ఆ రోజుతో మా అత్తమ్మ మోకాళ్లు ఇంటి పరికరాల్లో చేరిపోయాయి.

పరికరం అన్నాక కొలత ఉండాలి కదా. కూతురు పదికి ఎంత నొప్పి ఉందో చెప్పమంది. పదులు, మార్కులు అత్తమ్మకు పట్టవు. "గదేం లెక్క బిడ్డా. ఇయ్యాల చారాణ ఉంది," అంది. అదే ఖాయమైంది. చారాణ నొప్పి, అంటే పావలా అంత, ఉంటే మబ్బు మాత్రం పడుతుంది. ఆఠాణ అయితే చినుకులు. బారాణ అయితే వాన. నిండు రూపాయి నొప్పి అంటే ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు అన్నీ లోపల పెట్టుకోవాలి. నా భర్త ఇంకొంచెం ముందుకు పోయి, ఎడమ మోకాలు పడమటి వాన చెబుతుందని, కుడి మోకాలు తూర్పు వాన చెబుతుందని కనిపెట్టాడు. ఆమె మంచం మీద ఉత్తరం తలుపుకు ఎదురుగా కూర్చుంటుంది కాబట్టి ఎడమ పక్క పడమర అట.

ఒకసారి పెళ్లివాళ్ల జాకెట్లు చాలా వచ్చాయి, కత్తిరించడానికి చోటు చాలక ఆమె మంచం ఎదురు గోడకు జరిపి దక్షిణం తిప్పాను. సాయంత్రం నా భర్త వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మంచం తిప్పినవా?"

"తిప్పిన. ఏమైంది?"

"ఇప్పుడు ఎడమ మోకాలు తూర్పు అయింది గద."

నేను కత్తెర కింద పెట్టి ఆయన ముఖంలోకి చూశాను. నవ్వులాటకు అంటున్నాడేమో అనుకున్నాను. అనడం లేదు. తల్లీ కొడుకులిద్దరూ నిజంగానే పరేషాన్ అయ్యారు. మంచం మళ్లీ యథాస్థానానికి వచ్చింది. నేను వంటగదిలో కింద కూర్చుని గుడ్డ కత్తిరించుకున్నాను.

పేరు ఊళ్లోకి పాకింది. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ముందు అత్తమ్మ దగ్గర కూర్చునేవాళ్లు. మోటార్లు పట్టుకుని దుకాణానికి వచ్చే రైతులు, "అవ్వ మోకాళ్లేమంటున్నయి?" అని అడిగేవాళ్లు. పెసర్లు ఏరడానికి పోవాలా వద్దా అని ఫోన్ చేసేవాళ్లు కూడా తయారయ్యారు. అత్తమ్మ సాయంత్రానికి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సిద్ధంగా కూర్చునేది. ఆమె సంతోషంగా ఉండేది. నా కోపానికి అడ్డుపడింది అదొక్కటే.

ఎందుకంటే ఆ మోకాళ్లను మోసేది నేను. స్నానానికి తీసుకుపోవాలన్నా, పెరట్లోకి పోవాలన్నా చంకల కింద చేతులు పెట్టి లేపాలి. లేచిన ప్రతిసారీ ఆమె పళ్లు బిగపట్టుకోవడం నాకు వినబడేది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. మా ఇంట్లో ఇద్దరు కాకులు పొద్దునా సాయంత్రం వచ్చి ఆ పుండు ఎంతుందో అడిగి, సంతోషంగా క్యాలెండర్ మీద రాసుకుని పోయేవాళ్లు.

ఒకరోజు మంచం మీది బొంత ఉతుకుదామని తీస్తే కింద నొప్పి మాత్రల పట్టీలు దొరికాయి. ఒకటి రెండు మాత్రలు తప్ప ఏవీ విప్పలేదు. దవాఖానలో ఇచ్చినవి, నేను రోజూ నీళ్లతో సహా చేతికి అందించినవి.

"ఇవెందుకు మింగుతలేవు అత్తమ్మా?"

కూతురు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "మాత్ర ఏస్కుంటే నొప్పి సరిగ్గ తెల్వదు మమ్మీ. లెక్క తప్పు వస్తది."

"ఈ తెలివి ఎవరిది?"

"నేనే ఏస్కుంటలేను. దాన్నేమనకు," అంది అత్తమ్మ. "మొన్న మాత్ర ఏస్కున్న రోజు మళి వచ్చె, నాకు తెల్వకనే పాయె. వాళ్లంత నన్ను చూసిరి."

ఆ రోజు నేను అన్నం వండలేదు. హోటల్ నుంచి తెప్పించుకుని తిన్నారు. తింటూ కూడా గాలి గురించే మాట్లాడుకున్నారు.

మృగశిర దాటి ఆరుద్ర వచ్చిన రోజుల్లో ఒక పొద్దున, స్నానాల గదిలో పీట మీది నుంచి లేవబోయి అత్తమ్మ పక్కకు ఒరిగిపోయింది. గోడ ఉండబట్టి తల పగల్లేదు. నేను పట్టుకుని లేపితే కాళ్లు నిలవడం లేదు. నా కేక విని నా భర్త పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి మంచం మీద పడుకోబెట్టాం. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "రూపాయి కన్న ఎక్కువుంది రా," అంది. ఆయన తల్లి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే, తల తిప్పి తలుపులోంచి బయటికి చూశాడు. "సాయంత్రం మస్తు పడుతది," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో చెంబు ఉంది, విసిరేసేదాన్నే. అన్నిటికంటే మంట పుట్టించిన సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం నిజంగానే పడింది. కల్హేర్ దారిలో ఆటోలు ఆగిపోయాయట. నా మాటకు ఇంట్లో విలువ లేకుండా చేయాలని ఆ వాన కూడా కంకణం కట్టుకున్నట్టుంది.

వారం తిరక్కుండా నేనే పట్టుబట్టి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూపించాడు. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండవలసిన సందు లేదు. "ఇన్ని రోజులు ఎట్లా ఓర్చుకుందమ్మా?" అని నన్ను అడిగాడు. రెండు మోకాళ్లూ మార్చాలన్నాడు. ఆలస్యం చేస్తే ఇక మంచం మీది నుంచి లేవదు అన్నాడు. ఆపరేషన్ అయ్యాక నడుస్తుందని, మెట్లు కూడా ఎక్కుతుందని చెప్పాడు.

నా భర్త గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక్కటే చేస్తే నడవదా? ఎడమది గట్లనే ఉంచితే?"

డాక్టర్ ఖర్చు గురించి అనుకున్నాడు పాపం. దానికి మార్గాలున్నాయని మెల్లగా చెప్పబోయాడు.

"ఖర్చు గాదు సార్," అని ఈయన నసిగాడు.

"ఎడమది మంచిగ చెప్తది సారూ," అంది అత్తమ్మ. "గది ఉండనియ్యి."

"ఏం చెప్తుంది?"

"వాన," అన్నాడు నా భర్త.

డాక్టర్ నా వైపు చూశాడు. నేను ఎక్స్‌రే వైపు చూశాను. చదువుకున్న మనిషి ముందు అంత తలవంపు నాకు ఎన్నడూ కాలేదు. బయటికి వచ్చాక చాయ్ బండి దగ్గర నిలబెట్టి అడిగేశాను. "నీకు వాన కావాల్నా, తల్లి కావాల్నా? ఇక్కడ్నే చెప్పు."

"గట్లంటవేంది. చేయిస్త గద. ఈ వానలు ఒడువనీ," అన్నాడు.

వానలు అయిపోయాక అట. చేతిలో గ్లాసు కింద పెట్టి అత్తమ్మను చంకల కింద పట్టుకుని నడిపించి బస్సు ఎక్కించాను.

నేనూ అత్తమ్మా ఒక సీట్లో, ఆయన మా ముందు సీట్లో. జోగిపేట దగ్గర అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వాణ్నేమనకు. నేనే వద్దంటున్న."

"ఎందుకు వద్దంటున్నవు? సచ్చేదాక గిట్లనే గోస పడుతవా?"

ఆమె కిటికీలోంచి చూస్తూ అంది. "మోకాళ్లు మంచిగైతే ఇగ నన్నెవరడుగుతరు బిడ్డా?"

నాకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆ ముసలామె ఒక్క పలకరింపు కోసం అంత నొప్పిని కొంగున కట్టుకుని దాచుకుంది. మాత్రలు బొంత కింద పెట్టింది అందుకే. "నేనడుగుత," అన్నాను. నా గొంతు గట్టిగానే వచ్చింది. "పొద్దున్నే నేనడుగుత, సరేనా? ఇగ ఊకో." ముందు సీట్లో నా భర్త తల కొంచెం వంగింది. ఖేడ్ డిపోలో దిగేదాకా వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున ఆయన తల్లి మంచం దగ్గరికి వచ్చి నిలబడి, "అవ్వా, చాయ్ తాగినవా?" అని అడిగాడు. మంచి మాటే. కానీ అత్తమ్మ ముఖం మాడిపోయింది. "మోకాళ్లు అడగవేందిరా?" అంది. అప్పుడే తనను పనిలోంచి తీసేశారని ఆమె అనుకుంది. సాయంత్రం దాకా అలిగి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఈ ఇంట్లో అడిగినా తప్పే, అడగకపోయినా తప్పే.

ఆ సాయంత్రం దారి చూపింది కూతురు. మంచం పట్టె మీద కూర్చుని, "నానమ్మా, డబ్బా ఎట్లుంటదో నువ్వెన్నడన్న చూసినవా?" అని అడిగింది.

అత్తమ్మ ఇటు తిరిగింది. "నేనెట్ల చూస్త? మెట్లెక్కుతనా ఏంది?"

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎన్ని వానలు చెప్పిందో, ఎన్ని సాయంత్రాలు ఆ డబ్బా గురించి వాదించిందో. ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. ఆ సంగతి అప్పటిదాకా మా బుర్రలకు తట్టనే లేదు.

"ఆపరేషన్ అయితే ఎక్కుతవు," అంది కూతురు. "అప్పుడు వాన పడంగనే ముందుగాల నువ్వే చూసుడు. కొలుసుడు గూడ నువ్వే. డాడీ గాదు."

నా భర్త ముఖంలో రంగు మారింది. పడ్డ వానను మొదట చూడడం ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. జ్వరంతో ఉన్నా దుప్పటి కప్పుకుని మిద్దె ఎక్కిన మనిషి. కాసేపు క్యాలెండర్ వైపు చూసి, పదవి పోయిన సర్పంచ్ లాగా, "సరే," అన్నాడు.

"స్కేలు?" అంది అత్తమ్మ.

"నీకే ఇస్త."

అది నా స్కేలు. ఎవరూ నన్ను అడగలేదు.

వానలు వెనక్కి పోయాక చలికాలంలో ఒక మోకాలు, దాని తర్వాత రెండోది మార్చారు. ఆ నెలల సంగతి తలచుకుంటే నా నడుము ఇప్పటికీ నొప్పి పెడుతుంది. కాలు వంచమంటే వంచదు, నడవమంటే తిడుతుంది, కన్నడంలో తిడితే నాకు తెలియదనుకుంటుంది. నా భర్త మెట్లకు ఒక పక్క ఇనుప పైపుతో పట్టుకునే కడ్డీ పెట్టించాడు. ఎండలు వచ్చేసరికి ఆమె చేతికర్రతో గల్లీ చివరి దాకా పోయి, ఇంటింటి ముచ్చట మోసుకుని వచ్చేది.

కానీ మోకాళ్లు మూగబోయాయి. సాయంత్రం సభలో ఆమె వాటిని అటు నొక్కి ఇటు నొక్కి, "ఏం చెప్తలేవు," అనేది. అలా అన్నప్పుడు తండ్రీ కూతుళ్లు మాట మార్చేవాళ్లు. బస్సులో మాట ఇచ్చాను కాబట్టి నేను రోజూ పొద్దున అడిగేదాన్ని. "మంచిగున్నయి," అనేది, ఏదో నష్టం జరిగినట్టు. నా భర్త మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాట ఆయన నోటికి రావడం లేదని నాకు తెలుస్తూనే ఉండేది. తల్లి దగ్గరికి వచ్చి, నిలబడి, చాయ్ సంగతి అడిగి పోయేవాడు.

రోహిణిలో ఎండలు రాళ్లు పగిలేలా కాశాయి. మృగశిర వచ్చినా చినుకు లేదు. ఒక సాయంత్రం సభలో ఇంకో మూడు నాలుగు రోజుల దాకా వాన లేదని ఏకగ్రీవంగా తేల్చారు. ఆ మాట నమ్మి మర్నాడు నాలుగు దుప్పట్లు ఉతికి మిద్దె మీద ఆరేశాను. ఆ సాయంత్రం వాళ్లు మళ్లీ అదే మాట్లాడుతుండగానే గుమ్మం ముందు రేకుల మీద టపటపా మొదలైంది. నేను లేచి మెట్ల దాకా పోయేసరికి జోరందుకుంది, నేను దుప్పట్లు లాక్కొచ్చేసరికి ఆగిపోయింది. నాలుగూ తడిశాయి. నేను అవి పిండుతూ నోటికొచ్చినట్టు తిడుతున్నాను, ఎవరూ వినడం లేదు.

నా భర్త అలవాటు కొద్దీ స్కేలు తీసుకుని మెట్ల మీదికి ఒక అంగ వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి స్కేలు తల్లి చేతిలో పెట్టాడు.

ఆమె ఎక్కింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కడ్డీ మీద. స్కేలు నడుముకు దోపుకుంది. మెట్లు తడిగా ఉన్నాయి, జారుతుందని వెనక నేను అరుస్తూనే ఉన్నాను. "నోరు మూసుకొని రా," అంది. పైకి చేరాక కాసేపు ఊపిరి తీసుకుని, నలువైపులా చూసింది. నాగల్‌గిద్ద దిక్కు ఇంకా నల్లగా ఉంది. తర్వాత ఇటుకల దగ్గరికి నడిచి నా తొక్కు డబ్బాలోకి వంగి చూసింది.

అడుగున పలచగా నీళ్లు. అందులో చచ్చిన రెక్కల పురుగులు రెండు.

"గిదేనా?" అంది.

"గిదే అవ్వా," అన్నాడు కొడుకు.

"నాకు రూపాయి నొప్పి లేసినప్పుడు గూడ గింతేనా రా?"

"లేదవ్వా. అప్పుడు ఎక్కువుంటుండె."

"ఎంత?"

ఆయన బొటనవేలు, చూపుడు వేలు ఎడంగా పెట్టి చూపించాడు. నా జానెడు స్కేల్లో పావు వంతు కూడా లేదు ఆ సందు. ఆమె ఆ వేళ్ల వైపు చూసింది. తర్వాత తన మోకాళ్ల వైపు చూసుకుంది.

"గీ గింత నీళ్లకేనా నన్ను గంత ఏడిపిచ్చింది?" అంది. కొడుకును అడిగిందో, మోకాళ్లను అడిగిందో, పైనున్న మొగులును అడిగిందో నాకు తెలియదు. అడిగి, డబ్బా రెండు చేతులతో ఎత్తి, ఆ నీళ్లు తన పాదాల మీద పోసుకుంది.

"అవ్వా, ఇంక కొలవలే," అన్నాడు నా భర్త.

"ఏం కొలుస్తవు రా. చారాణ గూడ లేదని రాసుకో."

ఆయన కిందికి వచ్చి, ఎర్ర పెన్ను తీసి, ఆ తారీఖు గడిలో అదే మాట రాశాడు. మిల్లీమీటర్లు రాయని గడి మా క్యాలెండర్లో అదొక్కటే. డబ్బా నేను కడిగి వంటగదిలో పెట్టుకున్నాను, రెండు రోజులకు అది మళ్లీ మిద్దె ఎక్కింది, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున నేను తడి దుప్పట్లు మళ్లీ ఉతుకుదామని బకెట్‌తో ముందు గదిలోంచి పోతున్నాను. నా భర్త తల్లి మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. "అవ్వా, మోకాళ్లెట్లున్నయే?" అని అడిగాడు. తలుపు తెరిచే ఉంది, బయట మొగులు నిండా మబ్బు కమ్ముకుని ఉంది. ఆయన అటు చూడలేదు.